కత్తికి అయస్కాంతం అంటుకోవాలి

సంపాదకులకు నమస్కారం.

విశాఖలోని పూర్ణా మార్కెట్లో, కురుపాం మార్కెట్లో స్టీలు సామాను కొనేవారు చిన్న అయస్కాంతం ముక్క పెట్టి చూడటం మామూలే. అంటుకోకపోతే అసలు స్టీలు, అంటుకుంటే నాసిరకం అని లెక్క. గిన్నెలకు, బిందెలకు, క్యారియర్లకు ఈ లెక్క చాలావరకు సరిపోతుంది. కత్తి దగ్గరికి వచ్చేసరికి తిరగబడుతుంది. అయస్కాంతం అంటుకోని కత్తిని ఎంత సాన పట్టించినా పదును నిలవదు. ఈ సంగతి తెలియక కొనేవాళ్లు అంటుకోనిదాన్నే ఏరుకుంటున్నారు. అమ్మేవాళ్లు కొందరు అదే గొప్పగా చూపించి అమ్ముతున్నారు. నగరంలో కత్తులు చేసే చిన్న వర్క్‌షాపుల వాళ్లు కూడా కొందరు షిప్పు స్క్రాపులో చవగ్గా దొరికిన 304, 316 రకాల స్టెయిన్‌లెస్ స్టీలు రేకులతో కత్తులు కోసి, తళతళా పాలిష్ పెట్టి బయటికి పంపిస్తున్నారు. అందుకే ఈ ఉత్తరం.

గిన్నెల స్టీలంటే ఎక్కువగా 304, చవకలో 202. 304లో క్రోమియం 18 శాతం, నికెల్ 8 శాతం చుట్టుపక్కల ఉంటాయి. కార్బన్ 0.07 శాతం మించదు. 202లో నికెల్ తగ్గించి ఆ లోటును మాంగనీసుతో పూడుస్తారు. మామూలు ఉక్కును ఎర్రగా కాల్చి ముంచితే లోపల ఒక మార్పు జరిగి గట్టిపడుతుంది. ఈ రెండింటిలో ఆ మార్పు జరగకుండా నికెల్, మాంగనీసు అడ్డుపడతాయి. అయస్కాంతం అంటుకోకపోవడానికీ కారణం అదే. నూనెలో ముంచండి, నీళ్లలో ముంచండి, 304 గట్టిపడదు. గట్టిదనాన్ని కొలిచే రాక్‌వెల్ సీ కొలతలో 20 కూడా అందదు. అలాంటి కత్తితో రెండు పూటలు కూరలు తరిగాక గోటిని పలక మీంచి వాదర వైపు జార్చి చూడండి. ఒక పక్క నున్నగా జారుతుంది, రెండో పక్క ముడుచుకున్న అంచు గోటికి తగులుతుంది. వాదర అరిగిపోలేదు, పక్కకు పడుకుంది. టమాటా తోలు మీద కత్తి జారేది అందుకే.

316 సంగతీ ఇంతే. ఉప్పునీటికి తట్టుకుంటుంది కాబట్టి బోట్ల మీద కత్తికి బాగుంటుందని అనుకుంటారు. తుప్పు పట్టని మాట నిజమే, కోయని మాటా నిజమే.

అయితే అయస్కాంతం అంటుకున్న ప్రతిదీ మంచి కత్తి అనుకోవద్దు. 430 అనే రకానికి కూడా అంటుకుంటుంది, అదీ గట్టిపడే జాతి కాదు. మామూలు ఇనుము మీద క్రోమ్ పూత వేసినా అంటుకుంటుంది. మరోవైపు, అచ్చుతో కోసిన 304 ముక్క అంచుల దగ్గర కొద్దిగా లాగుతుంది. కాబట్టి అయస్కాంతాన్ని పలక మధ్యలో పెట్టాలి, టక్కున పట్టుకోవాలి. పట్టుకున్నాక రెండో పరీక్ష ఆకురాయి. పిడికి దగ్గరగా, కనపడని చోట, కొత్త సన్న ఆకురాయిని మెల్లగా నడపండి. పొడి రాలుతూ కరుచుకుంటే మెత్తది. గాజు మీద నడిచినట్టు కిర్రుమంటూ జారితే గట్టిపడినది. వంటింటి కత్తి రాక్‌వెల్ 54, 55 దగ్గర ఉంటే ఆకురాయి కొంచెం కరుస్తుంది, కానీ ఇష్టం లేనట్టు కరుస్తుంది. రెండు మూడు కత్తుల మీద పోల్చి చూస్తే చేతికి తేడా తెలిసిపోతుంది.

అట్టపెట్టె మీద రాసే 'సర్జికల్ స్టీల్' మాటకు కచ్చితమైన అర్థమేమీ లేదు. మెత్తటి 316ను అలాగే పిలుస్తారు, గట్టిపడే 420నీ అలాగే పిలుస్తారు. '18/10' అనేది క్రోమియం, నికెల్ శాతాలు. అది చెంచాల మీద ఉండాల్సిన అంకె. కత్తి పలక మీద కనిపిస్తే కొనకపోవడమే మేలు.

ఇక ఏ స్టీలు ఎంచుకోవాలి? స్టెయిన్‌లెస్ అనిపించుకోవడానికి క్రోమియం కనీసం 10.5 శాతం ఉండాలి. కత్తికి దాంతోపాటు కార్బన్ కావాలి. గట్టిదనం ఇచ్చేది కార్బన్. కార్బన్ పెరిగేకొద్దీ అది క్రోమియంతో జతకట్టి కార్బైడు గింజలుగా మారుతుంది. ఆ గింజల్లో చిక్కుకున్న క్రోమియం తుప్పును ఆపే పనికి రాదు. అందుకే 1.5 శాతం కార్బన్, 12 శాతం క్రోమియం ఉన్న డీ2 అనే స్టీలు మన ఊళ్లో తుప్పు పడుతుంది. అరుగుదలకు అది గొప్పగా తట్టుకునే స్టీలే, డైలు (లోహపు అచ్చులు) చేసేవాళ్లకు బాగా తెలుసు. వంటింటికి దాన్ని స్టెయిన్‌లెస్ అని అమ్మకూడదు.

410లో కార్బన్ 0.15 శాతం లోపే. ఎంత బాగా గట్టిపరిచినా 40 దాటి కొద్దిగానే వెళ్తుంది. పంపు షాఫ్టులకు సరిపోతుంది, కత్తికి చాలదు. తర్వాతది 420, మన దగ్గర సులభంగా దొరికేది. ఇక్కడ ఒక మెలిక ఉంది. అమెరికన్ ప్రమాణంలో 420కి కార్బన్ 0.15 శాతానికి పైన ఉండాలని మాత్రమే ఉంది. 0.2 శాతం ఉన్నదీ 420యే, 0.4 శాతం ఉన్నదీ 420యే. మొదటిది వెన్న పూసుకునే కత్తికి, రెండోది కూరల కత్తికి. కొనేటప్పుడు 0.35 నుంచి 0.40 ఉన్న సరుకు అడగాలి. దాన్ని సరిగ్గా గట్టిపరిస్తే 52 నుంచి 54 వస్తుంది.

జర్మన్ వంటింటి కత్తుల్లో ఎక్కువగా వాడేది 1.4116 అనే గ్రేడు. కార్బన్ 0.5 శాతం, క్రోమియం 14 నుంచి 15, మాలిబ్డినం 0.5 నుంచి 0.8, కాస్త వనాడియం. 55 నుంచి 57 వరకు వస్తుంది. సముద్రం పక్కన ఉండే మన ఇళ్లకు నా ఓటు దీనికే. పదును మహా అద్భుతంగా నిలిచేదేం కాదు, కానీ ఇంట్లో మామూలు రాయి మీద మళ్లీ తేలిగ్గా వస్తుంది. సన్నటి వాదర కావాలనుకునేవారికి 14సీ28ఎన్, ఏఈబీ-ఎల్ అనే స్టీళ్లు ఉన్నాయి. కార్బన్ 0.6 శాతం చిల్లర, క్రోమియం 13, 14. ఏఈబీ-ఎల్ గడ్డం గీసుకునే బ్లేడ్ల కోసం పుట్టిన స్టీలు. వీటిలో కార్బైడు గింజలు చాలా సన్నం, అందుకే వాదరను పల్చగా దించినా పెచ్చులు ఊడవు. 58 నుంచి 60 వరకు తీసుకెళ్లవచ్చు. దిగుమతి సరుకు కాబట్టి ధర ఎక్కువ.

440సీ పేరు అందరికీ తెలుసు. కార్బన్ 1 శాతం, క్రోమియం 17. అరుగుదలకు బాగా ఆగుతుంది. గింజలు పెద్దవి, కాబట్టి పల్చటి వాదర పెట్టి ఎముక మీద వేస్తే పెచ్చు ఊడుతుంది. '440' అని మాత్రమే రాసి పక్కన అక్షరం లేకపోతే అది 440ఏ కావచ్చు. అందులో కార్బన్ 0.60 నుంచి 0.75 మాత్రమే. చెడ్డది కాదు గానీ, 440సీ ధర పెట్టి 440ఏ కొనడం ఎందుకు?

స్క్రాపులో, స్టాకిస్టుల దగ్గర చేతి తుపాకీలాంటి ఎక్స్‌రే యంత్రం పెట్టి 'ఇదిగో 13 క్రోమియం, 420' అని చూపిస్తారు. ఆ యంత్రం క్రోమియం, నికెల్, మాంగనీసు చక్కగా చెబుతుంది. కార్బన్ మాత్రం దానికి కనబడదు. 410కీ 420కీ ఉన్న అసలు తేడా కార్బనే. కాబట్టి ఆ తెర మీద రెండూ ఒక్కలాగే వస్తాయి. నిప్పురవ్వ పుట్టించి చూసే స్పెక్ట్రో పరీక్ష చేయించాలి, లేదా హీట్ నంబరుతో (ఏ పోతలో తయారైందో చెప్పే నంబరు) సహా మిల్లు సర్టిఫికెట్ అడిగి, ఆ నంబరు రేకు మీద ఉన్నదానితో కలుస్తోందో లేదో చూసుకోవాలి. 'వైజాగ్ స్టీలు కత్తి' అని ఎవరైనా అంటే ఒక మాట గుర్తుంచుకోండి. మన ఉక్కు కర్మాగారంలో తయారయ్యేవి కడ్డీలు, వైర్ రాడ్లు, రౌండ్లు, యాంగిళ్ల వంటివి. స్టెయిన్‌లెస్ రేకు అక్కడ తయారు కాదు.

సరైన స్టీలు తెచ్చినంత మాత్రాన కత్తి అయిపోదు. ఎక్కువ సరుకు పాడయ్యేది కొలిమిలో. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డులో లోహ నిపుణుడు హ్యారీ బ్రియర్లీ పోత పోయించిన తొలి స్టెయిన్‌లెస్‌లో క్రోమియం 12.8 శాతం, కార్బన్ 0.24 శాతం. అక్కడి కత్తుల వాళ్లు దాన్ని అలవాటైన పాత ఉక్కులాగే కాల్చి చూసి, కోయని కత్తులని ఎగతాళి చేశారు. ఇవాళ మన కొలిముల్లో జరుగుతున్నదీ అదే.

లారీ కమాను పట్టీతో కత్తి చేసే కమ్మరికి వేడి కొలవడానికి కన్ను, అయస్కాంతం చాలు. సుమారు 770 డిగ్రీలకు అయస్కాంతం వదిలేస్తుంది, ఇంకాస్త ఎర్రబడ్డాక నూనెలో ముంచితే పని అయిపోతుంది. స్టెయిన్‌లెస్‌కు ఆ వేడి చాలదు. అందులో కార్బన్ అంతా క్రోమియం గింజల్లో బిగిసిపోయి ఉంటుంది. చల్లటి పాలలో పంచదార వేసినట్టు, వేడి చాలకపోతే ఆ గింజలు కరగవు. కరగడానికి వెయ్యి డిగ్రీలు దాటాలి, ఆ వేడిలో కొన్ని నిమిషాలు నిలవాలి. 850 దగ్గర తీసి ముంచిన కత్తికి రెండు నష్టాలు. కార్బన్ విడుదల కాలేదు కాబట్టి గట్టిపడదు, క్రోమియం విడుదల కాలేదు కాబట్టి తుప్పూ పడుతుంది. తర్వాత ఆ నింద స్టీలు మీద పడుతుంది.

0.38 కార్బన్ ఉన్న 420తో 2.5 మిల్లీమీటర్ల మందం కూరల కత్తి చేయాలనుకుందాం. ఆకారం కోసి, పిడి మేకుల రంధ్రాలు ముందే వేసుకోవాలి. గట్టిపడ్డాక మామూలు డ్రిల్ బిట్ దిగదు. వాదరను అప్పుడే పల్చగా దించవద్దు, అర మిల్లీమీటరు మందం వదలాలి. లేకపోతే ఆ అంచే ముందు మాడి, అల అలగా వంకర తిరుగుతుంది. పలకను పల్చటి స్టెయిన్‌లెస్ ఫాయిల్‌లో చుట్టి, అంచులు రెండు మడతలు వేసి గాలి చొరకుండా మూయాలి. వేడి కొలిచే థర్మోకపుల్ ఉన్న కరెంటు ఫర్నేసులో 1030 డిగ్రీలకు తెచ్చి, కత్తి ఆ వేడి అందుకున్నాక సుమారు పది నిమిషాలు ఉంచాలి. బయటికి తీసి, 20 నుంచి 25 మిల్లీమీటర్ల మందం ఉన్న రెండు అల్యూమినియం పలకల మధ్య పెట్టి బిగించాలి. చల్లారడమూ అవుతుంది, వంకర పోకుండానూ ఉంటుంది. ఎట్టిపరిస్థితిలోనూ నీళ్లలో ముంచవద్దు, పగులుతుంది. ఒక్కోసారి ఆ పగులు పాలిష్ అయ్యేదాకా కనపడదు, ఇంకా కడుపుమంట. చేత్తో పట్టుకునేంత చల్లబడగానే, మర్నాటికి వాయిదా వేయకుండా, 180 డిగ్రీల్లో రెండు గంటల చొప్పున రెండుసార్లు టెంపరింగ్ (పెళుసుదనం తగ్గేలా మళ్లీ కొద్దిగా వేడి చేయడం) చేయాలి. 420ను 450 నుంచి 550 డిగ్రీల మధ్య టెంపర్ చేస్తే పెళుసుబారుతుంది, తుప్పుకూ లొంగిపోతుంది. అటువైపు వెళ్లకూడదు.

టెంపరింగ్‌కు ముందు ఆకురాయి కరిస్తే మూడింటిలో ఒకటి కారణం. వేడి చాలలేదు, సమయం చాలలేదు, లేదా తెచ్చింది 410. మరి 1100 దాటించేస్తే ఇంకా మంచిదా అంటే, కాదు. మరీ ఎక్కువ కరిగితే చల్లారాక కూడా కొంత లోహం మారకుండా వేడిలో ఉన్నప్పటి, అయస్కాంతం అంటని రూపంలోనే మిగిలిపోతుంది. అప్పుడూ మెత్తగానే వస్తుంది. రెండు తప్పుల్నీ వేరు చేసేది మళ్లీ అయస్కాంతమే. వేడి చాలని కత్తికి గట్టిగా అంటుకుంటుంది, వేడి ఎక్కువైన కత్తికి పట్టు తగ్గుతుంది.

సాన దగ్గర జరిగే నష్టం తక్కువేం కాదు. 180 దగ్గర టెంపర్ చేసిన వాదర గ్రైండింగ్ చక్రం మీద అంతకుమించి వేడెక్కితే మెత్తబడుతుంది. మామూలు ఉక్కు నీలం తిరిగి హెచ్చరిస్తుంది. స్టెయిన్‌లెస్‌కు రంగు ఆలస్యంగా వస్తుంది, కాబట్టి లేత పసుపు కనిపించేసరికే పదును పోయినట్టు. గ్లౌజు లేకుండా పట్టుకోవాలి, వేలికి చురుక్కుమనగానే నీళ్లలో ముంచాలి. ఇంకొకటి, ఇనుప గేట్లు రుద్దిన చక్రాన్నీ, ఇనుప బ్రష్షునూ స్టెయిన్‌లెస్‌కు వాడకూడదు. ఇనుప రజను పలకలో దిగి, మన గాలికి రెండు రోజుల్లోనే గోధుమ రంగు చుక్కలు తేలతాయి. కొనుక్కున్నవాళ్లు 'స్టెయిన్‌లెస్ కాదు' అని తెచ్చి పడేస్తారు. నిమ్మ ఉప్పు లీటరు వేడినీటికి 40 గ్రాములు కలిపి, 50 నుంచి 60 డిగ్రీల దగ్గర పావుగంట ముంచి, బాగా కడిగి ఆరబెడితే ఆ రజను చాలావరకు పోతుంది. పిడి బిగించక ముందే ఈ పని చేయాలి.

సముద్రపు గాలి గురించి ఒక లెక్క. క్రోమియం శాతానికి, మాలిబ్డినం శాతాన్ని 3.3తో, నైట్రోజన్ శాతాన్ని 16తో హెచ్చించి కలిపితే ఉప్పు వల్ల పడే గుంటలకు స్టీలు ఎంత ఆగుతుందో అంచనా వస్తుంది. 420కి 13, 1.4116కి 16 చిల్లర, 14సీ28ఎన్‌కు దాదాపు 16, 304కు 18, 316కు 24. అంటే వీటిలో ఏ కత్తి స్టీలూ గిన్నె స్టీలుకు సాటి రాదు. 440సీ 17 అని మురిసిపోవద్దు, అందులో చాలా భాగం గింజల్లో చిక్కుకుంది. గరుకుగా వదిలిన పలక గీతల్లో ఉప్పు కూర్చుంటుంది కాబట్టి, కనీసం 400 నంబరు గరుకు పేపరు దాకా, గీతలు కత్తి పొడవునా వచ్చేలా రుద్దాలి. ఫిషింగ్ హార్బర్‌లోనూ, చేపల దుకాణాల్లోనూ బల్లలు కడిగే బ్లీచింగ్ నీళ్లలో కత్తులు నానబెట్టే అలవాటు ఉంది. ఉప్పుకన్నా అదే త్వరగా గుంటలు పెడుతుంది. బ్లీచింగ్ తగిలితే వెంటనే మంచినీళ్లతో కడిగి, తుడిచి, పొడిగా పెట్టాలి.

ఏ కత్తికి ఏ స్టీలు అన్నది పనిని బట్టి. ఆవకాయ ముక్కలు కొట్టే కత్తికి టెంక దెబ్బ తట్టుకోవాలి, మామిడి పులుపుకు నల్లబడకూడదు. మంచి 420 లేదా 1.4116, 4 మిల్లీమీటర్ల మందం, 52 నుంచి 54 గట్టిదనం, ఒక్కో పక్క 25 డిగ్రీల వాదర పెట్టాలి. 440సీతో చేస్తే టెంక దగ్గర పెచ్చులూడి ఆ ముక్క జాడీలో పడుతుంది. చందువా, కోనెం చేపల మాంసాన్ని పొరలుగా తీసే కత్తి అయితే పొడవుగా, ఒకటిన్నర మిల్లీమీటర్లు, 14సీ28ఎన్, పక్కకు 15 డిగ్రీలు. హార్బర్‌లో కత్తిపీట మీద రోజంతా చేపలు కోసే ఆడవాళ్లకు మాత్రం కమాను పట్టీతో చేసిన కత్తిపీటే మేలని నా ఉద్దేశం. గంటకోసారి రాయి తగిలించేవాళ్లకు తుప్పు సమస్యే కాదు. రాత్రంతా సింకులో తడిగా వదిలేసే ఇళ్లకు స్టెయిన్‌లెస్ కావాలి.

చివరగా రెండు విన్నపాలు. కత్తులు తయారుచేసేవారు పలక మీద గ్రేడు, రాక్‌వెల్ గట్టిదనం రెండూ కొట్టించాలి. '420, 53' అని రెండు అంకెలు చాలు. గ్రేడు ఒక్కటే రాస్తే ప్రయోజనం లేదు, గట్టిపరచని 420కీ అదే ముద్ర పడుతుంది. రెండోది, 1100 డిగ్రీల దాకా వెళ్లే చిన్న కరెంటు ఫర్నేసు, రాక్‌వెల్ యంత్రం ఒక్కొక్క కమ్మరి కొనుక్కోలేడు. గాజువాక ఆటోనగర్‌లో గంటల లెక్కన అద్దెకు వాడుకునేలా ఉమ్మడిగా ఒకటి పెడితే, వారానికి ఒక్క రోజు తెరిచినా చిన్న వర్క్‌షాపులన్నింటికీ సరిపోతుంది. ఒకే గ్రేడు, ఒకే మందం కత్తులను ఒకే విడతలో పెట్టుకోవచ్చు కాబట్టి ఖర్చు కూడా పంచుకోవచ్చు.

ఇట్లు,
కత్తుల తయారీ, హీట్ ట్రీట్‌మెంట్ పనిలో ఉన్న ఒక పాఠకుడు,
గాజువాక, విశాఖపట్నం